బెయిలొచ్చినా బయటికి రానివాళ్లు



ఫలానా కేసులో నిందితుడికి బెయిలు మంజూరైందని రోజూ వార్తల్లో వింటూనే ఉంటాం. వినగానే మనకేమనిపిస్తుంది? ఇంకేముంది, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాడనిపిస్తుంది. పేరూ పలుకుబడీ ఉన్నవాళ్ల విషయంలో అలాగే జరుగుతుంది కూడా. జైలు గేటు ముందు కార్లు బారులు తీరడం, పూలదండలు, నినాదాలు, అన్నీ టీవీలో చూస్తాం. కానీ బెయిలు మంజూరైన నెల తర్వాత కూడా అదే బ్యారక్‌లో, అదే చాప మీద పడుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. 2022 చివర్లో సుప్రీంకోర్టు ఈ లెక్క అడిగింది. అంతకు మూడు రోజుల ముందే, రాజ్యాంగ దినోత్సవం నాడు, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఇలా జైళ్లలో మగ్గిపోతున్న పేదల గురించి న్యాయమూర్తుల ఎదుటే మాట్లాడారు. దేశం మొత్తమ్మీద దాదాపు ఐదువేల మంది బెయిలు వచ్చి కూడా లోపలే ఉన్నారని పేదలకు ఉచితంగా వకీలును ఇచ్చే న్యాయసేవల సంస్థ లెక్క తేల్చింది. ఆ ఐదువేల మందినీ బయటికి పంపవచ్చని కోర్టు అప్పటికే నిర్ణయించింది. అయినా వాళ్లు లోపలే ఉన్నారు. ఎందుకు? బెయిలు మంజూరు కావడం వేరు, మనిషి విడుదల కావడం వేరు. ఈ రెండింటికీ నడుమ ఉన్న దూరం గురించే ఈవేళ మీతో మాట్లాడాలని.

మొదట్నుంచీ చూద్దాం. పోలీసులు ఒక మనిషిని అరెస్టు చేశారు. ఎందుకు చేశారో అతనికి చెప్పాలి. ఇంట్లోవాళ్లకు కబురు పెట్టాలి. ప్రయాణానికి పట్టే సమయం పోను, ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. చిన్న నేరాలైతే బెయిలు హక్కుగా దొరుకుతుంది, పోలీసు స్టేషన్‌లోనే ఇచ్చి పంపేయవచ్చు. పెద్ద నేరాలను నాన్ బెయిలబుల్ అంటారు. ఆ మాట వినగానే చాలా ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి, ఇక బెయిలే రాదేమోనని. అలా ఏమీ లేదు. ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చేతిలో ఉంటుంది, అంతే. కోర్టు రిమాండ్ చేస్తే మనిషిని జైలుకు పంపుతారు. అక్కడ వారంటు చూసుకుంటారు. ఒంటి మీది పుట్టుమచ్చలు రాసుకుంటారు. జేబులో ఉన్నవీ వేలికున్నవీ తీయించి, జాబితా రాసి భద్రపరుస్తారు. డాక్టరు చూస్తాడు. ఒక నంబరు ఇస్తారు. ఆ క్షణం నుంచి అతను విచారణ ఖైదీ. నేరం చేశాడో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు. మన జైళ్లలో ఇలాంటివాళ్లు ఎందరో తెలుసా? ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు. 2022 నాటి జాతీయ జైళ్ల లెక్కల్లో ఉన్న మాట ఇది.

సరే, వకీలు పిటిషన్ వేశాడు, వాదన జరిగింది, కోర్టు బెయిలిచ్చింది. ఆ ఉత్తర్వులో ఏముంటుంది? చాలావరకు ఇలా ఉంటుంది: నిందితుడు పదివేల రూపాయలకు సొంత బాండు రాసివ్వాలి, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులను తేవాలి. ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఈ పదివేలు ఆ రోజు ఎవరూ కట్టనక్కర్లేదు. వాయిదాలకు వస్తానని నిందితుడు రాసిచ్చే మాట అది. రాకపోతే ఆ మొత్తం మేం చెల్లిస్తామని జామీనుదారులు ఇచ్చే హామీ అది. వినడానికి తేలికగానే ఉంది కదూ! అసలు చిక్కు ఆ హామీ ఇచ్చే మనుషుల్ని వెతికి తేవడంలో ఉంది.

ఒక జామీనుదారు కోర్టు మెట్లెక్కినప్పుడు ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. అతని చేతిలో సంచి ఉంటుంది. సంచిలో ఆధార్ కార్డు, ఫొటోలు, ఇంటిపన్ను రసీదు, భూమి ఉంటే పట్టాదారు పాసుపుస్తకం. కొన్ని కోర్టుల్లో పూచీకి తగ్గ ఆస్తి ఉందని తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అది రావాలంటే మళ్లీ మండలాఫీసు చుట్టూ తిరగాలి. కాగితాలు చేతికొచ్చాక పిలుపు కోసం ఉదయం నుంచి వరండాలో నిలబడాలి. పిలిచాక మేజిస్ట్రేటు అడుగుతారు. ఇతను నీకేమవుతాడు? ఎన్నాళ్లుగా ఎరుగుదువు? నువ్వేం చేస్తుంటావు? ఇంకెవరికైనా జామీను ఉన్నావా? వాయిదాకు రాకపోతే డబ్బు కడతావా? కడతానండీ అంటాడు. సంతకమో వేలిముద్రో వేస్తాడు. ఆ కాగితాలు సరైనవేనా అని విచారించి రమ్మని ఒక్కోసారి ఊరికి పంపుతారు. అది తిరిగి వచ్చేదాకా లోపలి మనిషి లోపలే. ఇప్పుడు ఆలోచించండి. ఇల్లు అద్దెది. పని రోజుకూలీ. తమ్ముడికి పన్ను రసీదు లేదు, బావకు పాసుపుస్తకం లేదు. ఉన్న ఒక్క మేనమామకూ దొంగతనం కేసన్నమాట వినగానే భయం. ఇలాంటి కుటుంబం ఇద్దరు ఆస్తిపరుల్ని ఎక్కణ్నుంచి తెస్తుంది?

చట్టం అడగాల్సింది ఒకే ఒక్క ప్రశ్న: ఈ మనిషి విచారణకు తిరిగి వస్తాడా? మన పద్ధతి అడుగుతున్న ప్రశ్న వేరు: ఈ మనిషికి ఆస్తి ఉన్న చుట్టాలున్నారా? మొదటి ప్రశ్నకు రెండోది జవాబు కాదు. ఈ సంగతిని మన సుప్రీంకోర్టు ఎప్పుడో, 1978లోనే, మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. మధ్యప్రదేశ్ సంగతి. సుప్రీంకోర్టే అతనికి బెయిలిచ్చింది. కింది మేజిస్ట్రేటు పదివేల రూపాయలకు జామీను తెమ్మన్నారు. 1978 నాటి పదివేలంటే మామూలు మాట కాదు. మేస్త్రీ అన్నదమ్ముల్లో ఒకరు జామీనుకు ముందుకొస్తే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉంది కాబట్టి చెల్లదన్నారు. కేసు మళ్లీ ఢిల్లీకి వెళ్లింది. కేసు విన్న జస్టిస్ కృష్ణయ్యర్‌కు కోపమొచ్చింది. దక్షిణాది మనిషి చాందినీ చౌక్‌లోనో బస్తర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తులున్న జామీనుదారుల్ని ఎక్కణ్నుంచి తెస్తాడని నిలదీశారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద ఆ మేస్త్రీని వదిలేయమన్నారు. అదే న్యాయమూర్తి అంతకు కొద్ది నెలల ముందే మన గుడికంటి నరసింహులు కేసులో, అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసు, బెయిలు అన్నది మనిషి స్వేచ్ఛకు సంబంధించిన సంగతని, న్యాయమూర్తి ఇష్టాయిష్టాల మీద నడిచేది కాదని రాశారు. మరుసటి ఏడు బీహార్ జైళ్ల కేసు వచ్చింది. హుస్సేనారా ఖాతూన్ కేసని చట్టం చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ పేరుతోనే జైల్లో గడిపినవాళ్లు అందులో బయటపడ్డారు. ఆ కేసు విన్న జస్టిస్ భగవతి ఆనాడే చెప్పారు: ఆస్తి చూడకండి, అతనికి ఆ ఊళ్లో వేళ్లున్నాయా చూడండి. ఎన్నేళ్లుగా ఉంటున్నాడు, ఏం పని చేస్తున్నాడు, పెళ్లాం పిల్లలున్నారా, అతని గురించి నాలుగు మాటలు చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా? ఇవి చూసి సొంత పూచీ మీదే వదలవచ్చు.

ఇక్కడ మీలో కొందరికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. జామీను లేకుండా వదిలేస్తే పారిపోరా? న్యాయమైన అనుమానమే. దీనికి జవాబు ఊహల్లో వెతకక్కర్లేదు. 1961లో అమెరికాలోని న్యూయార్కులో ఒక ప్రయోగం చేశారు, మన్‌హాటన్ బెయిల్ ప్రాజెక్టని దాని పేరు. అరెస్టయినవాళ్లతో మాట్లాడి, ఇల్లు, ఉద్యోగం, కుటుంబం గురించి కనుక్కొని, నమ్మకం కుదిరినవాళ్లను డబ్బు కట్టించకుండా వదలమని కోర్టుకు సిఫారసు చేశారు. మూడేళ్లు చూశారు. కావాలని వాయిదా ఎగ్గొట్టినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. బీహార్ తీర్పులో భగవతిగారు ఈ ప్రయోగాన్నే ప్రస్తావించారు. పారిపోవడానికి ఏం కావాలో ఒకసారి ఆలోచించండి. డబ్బు కావాలి, వేరే చోట తలదాచుకోవడానికి ఇల్లు కావాలి, దాచిపెట్టే మనుషులు కావాలి. ఇవన్నీ ఉన్నవాడికి జామీనుదారులూ సులువుగానే దొరుకుతారు. ఏమీ లేనివాడు ఎక్కడికి పోతాడు? రేషన్ కార్డు ఆ ఊళ్లో ఉంది, పిల్లలు అక్కడి బడిలో ఉన్నారు, కూలి ఇచ్చే మేస్త్రీ అక్కడున్నాడు. పారిపోయే శక్తి ఉన్నవాణ్ని వదిలి, ఆ శక్తి లేనివాణ్ని ఆపే జల్లెడ ఈ జామీను పద్ధతి.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. అక్కడ చాలా రాష్ట్రాల్లో జామీను ఒక వ్యాపారం. కోర్టు పదివేల డాలర్లంటే, బాండు కంపెనీకి వెయ్యి కడితే చాలు, మిగతా పూచీ కంపెనీది. ఆ వెయ్యి మాత్రం కేసు కొట్టేసినా వెనక్కి రాదు. ప్రపంచంలో ఈ వ్యాపారం ఉన్నవి దాదాపు రెండే దేశాలు, అమెరికా, ఫిలిప్పీన్స్. అమెరికాకు చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు చిన్న కేసులో చిక్కుకున్నా ఈ కంపెనీల గడప తొక్కాల్సి రావచ్చు. ఇలినాయ్ రాష్ట్రం విసిగిపోయి 2023 సెప్టెంబరులో డబ్బు బెయిలును పూర్తిగా ఎత్తేసింది. మన చట్టంలో ఈ వ్యాపారానికి చోటు లేదు, మంచిదే. కానీ చట్టంలో చోటు లేనిది కోర్టు బయటి చెట్టు కింద చోటు సంపాదించుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషికి డబ్బు తీసుకుని జామీను పడేవాళ్లు, దొంగ పన్ను రసీదులు, దొంగ స్టాంపులు తయారుచేసేవాళ్లు ముఠాలు ముఠాలుగా పట్టుబడిన వార్తలు హైదరాబాదు నుంచి ఎన్నిసార్లు వినలేదు? ఆలోచిస్తే ఇది పెద్ద వింత. జామీనుదారు ఎందుకు? నిందితుడి మీద ఒక కన్నేసి ఉంచుతాడని, అతను రాకపోతే నాలుగు మాటలని లాక్కొస్తాడని. కిరాయి జామీనుదారుకు నిందితుడి పేరు కూడా గుర్తుండదు. అంటే కోర్టు దగ్గర మిగిలేది భద్రత ఉందన్న కాగితం. భద్రత మాత్రం ఉండదు. నిజాయితీగా వెళ్లి మా దగ్గర ఎవరూ లేరండీ అన్న కుటుంబం నష్టపోతుంది, చెట్టు కిందికి వెళ్లిన కుటుంబం గట్టెక్కుతుంది.

జామీను వద్దంటే వచ్చే రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. నేరం వల్ల నష్టపోయినవాళ్ల మాటేమిటి? దెబ్బలు తిన్న ఆడమనిషి, సాక్ష్యం చెప్పాల్సిన పక్కింటాయన, వీళ్లకు రక్షణ వద్దా? వద్దని ఎవరంటారు? అయితే ఒక తేడా గమనించండి. నిందితుడు సాక్షుల్ని బెదిరిస్తాడా, బయట ఉంటే ఎవరికైనా హాని చేస్తాడా అన్నది బెయిలు ఇవ్వాలా వద్దా అన్న దశలోనే కోర్టు తేల్చాల్సిన సంగతి. ప్రమాదముందనుకుంటే బెయిలు నిరాకరించవచ్చు. లేదా ఆ వీధిలోకి వెళ్లకూడదు, ఫిర్యాదీ జోలికి పోకూడదు, వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టాలి అని షరతులు పెట్టవచ్చు. ఈవేళ నేను మాట్లాడుతున్నది ఆ పరీక్ష దాటినవాళ్ల గురించి. వదలవచ్చని కోర్టు నిర్ణయించినవాళ్ల గురించి. మేనమామ పొలం పాసుపుస్తకం ఏ సాక్షినీ కాపాడదు.

మూడో మాట మేజిస్ట్రేటు కుర్చీలోంచి వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. రోజుకు పదులకొద్దీ కేసులు. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కూలీ అయితే, చెప్పిన చిరునామా నిజమో కాదో కూడా తెలియదు. వదిలేస్తే, అతను రాకపోతే, కేసు ఏళ్ల తరబడి అటకెక్కుతుంది. పైనుంచి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆ మేజిస్ట్రేటే. జామీను అడిగితే మాత్రం ఎవరూ తప్పుపట్టరు. ఇబ్బంది నిజమైనదే. వలస కూలీ విషయంలో సొంత పూచీ అన్నంత మాత్రాన సమస్య తీరిపోదు కూడా. నేను అడిగేది ఒక్కటే. అతని చిరునామా కనుక్కునే పని ఎవరిది? ఇప్పుడది జైలు బయట ఏడుస్తూ నిలబడ్డ భార్య మీద పడుతోంది. సొంతూరి సర్పంచికి ఫోన్ చేసి అడగడం, పని ఇచ్చిన కాంట్రాక్టరుతో మాట్లాడటం, రెండు పేజీల నివేదిక రాయడం, ఇవి న్యాయసేవల సంస్థ వాలంటీరు ఒక్కరోజులో చేయగల పనులు. ఆ కాగితం చేతిలో ఉంటే మేజిస్ట్రేటు కూడా ధైర్యంగా సంతకం పెడతారు.

చట్టం దీన్ని గుర్తించలేదా అంటే, గుర్తించింది. సగమే గుర్తించింది. బెయిలు హక్కుగా దొరికే చిన్న నేరాల్లో, అరెస్టయిన వారం రోజుల్లో జామీను తేలేకపోతే ఆ మనిషిని నిరుపేదగా భావించి సొంత బాండు మీదే వదిలేయాలని 2005లో చట్టాన్ని సవరించారు. మళ్లీ చెబుతాను, వారం రోజులు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నిబంధన ఉంది. పెద్ద నేరాలకు మాత్రం అలాంటి గట్టి మాట లేదు, అక్కడంతా న్యాయమూర్తి విచక్షణ. బెయిలొచ్చి కూడా లోపలే ఉండిపోతున్నవాళ్ల కోసం 2023 జనవరి 31న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు ఉత్తర్వు నకలును ఆ రోజే లేదా మర్నాడే ఈమెయిల్లో జైలుకు పంపాలి. వారం రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవల సంస్థకు చెప్పాలి. నెల రోజుల్లో బాండు ఇవ్వలేకపోతే, ఎవరూ అడగకపోయినా కోర్టే షరతులు మార్చడం గురించి ఆలోచించవచ్చు. స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టడం కూడా ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి షరతు పెట్టకపోవడం మంచిదని కూడా చెప్పింది. అదే ఏడు కేంద్రం పేద ఖైదీల సాయానికి ఒక పథకం పెట్టింది. బెయిలు కోసం విచారణ ఖైదీ తరఫున నలభై వేల దాకా కోర్టుకు కట్టాలని అప్పుడు నిర్ణయించారు. మత్తుమందులు, అవినీతి, ఉగ్రవాదం లాంటి కేసులకు ఇది వర్తించదు. పథకం మంచిదే. కాకపోతే ప్రభుత్వం ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెడుతోంది. మొదటి రోజే సొంత బాండు చాలని రాసి ఉంటే ఆ పథకం కమిటీలూ ఫైళ్లూ అక్కర్లేకపోయేవి.

ఇన్ని ఆదేశాలున్నా మనుషులు ఎందుకు ఆగిపోతున్నారు? పట్టించుకునే మనిషి లేక. బెయిలివ్వడంతో కోర్టు తన పని అయిందనుకుంటుంది. ఉత్తర్వు రాలేదు కాబట్టి తన పని మొదలు కాలేదని జైలు అంటుంది. 2021లో ఆగ్రా జైలు నుంచి కొందరు ఖైదీల విడుదల, సుప్రీంకోర్టు ఉత్తర్వు అందలేదంటూ, రోజులకు రోజులు ఆలస్యమైంది. అప్పుడు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న మన తెలుగువారు, జస్టిస్ ఎన్.వి. రమణ, ఈ కాలంలో కూడా ఉత్తర్వులు పావురాలు మోసుకురావాలా అని మండిపడ్డారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఉత్తర్వులు పంపే ఏర్పాటు ఆ తర్వాతే వచ్చింది. అయినా 2025లో ఘాజియాబాద్‌లో ఏం జరిగిందో చూడండి. ఒక విచారణ ఖైదీ విడుదల ఉత్తర్వు జైలుకు చేరింది. పేరు సరిగ్గానే ఉంది, కేసు నంబరూ ఉంది, సెక్షనూ ఉంది. ఆ సెక్షన్ పక్కన బ్రాకెట్టులో ఉండాల్సిన చిన్న ఉపవిభాగం ఒక్కటి రాయలేదు. దానికోసం ఆ మనిషిని ఇరవై ఎనిమిది రోజులు లోపలే ఉంచారు. సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర ప్రభుత్వం చేత ఐదు లక్షల పరిహారం ఇప్పించింది. బెయిలు మంజూరు కావడం వేరు, మనిషి విడుదల కావడం వేరని మొదట్లో అన్నది ఇందుకే. కాగితంలో ఒక బ్రాకెట్టు తప్పితే జైల్లో ఒక నెల గడిచింది.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరికైనా ఈ స్థితి వస్తే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. బెయిలొచ్చిన రోజే వకీలునడిగి ఉత్తర్వు నకలు తీసుకోండి. తండ్రి పేరు, కేసు నంబరు, సెక్షన్లు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి. ఇంకో కేసులో వారంటేదైనా జైల్లో పెండింగులో ఉందేమో అడగండి, చాలా విడుదలలు అక్కడే ఆగుతాయి. జామీను దొరక్కపోతే చెట్టు కిందికి వెళ్లకండి. దొంగ జామీను బయటపడితే బెయిలు పోతుంది, కొత్త కేసు మీద పడుతుంది. వారం దాటితే జామీను షరతు సడలించమని, సొంత బాండు మీద వదలమని అదే కోర్టులో పిటిషన్ వేయించండి. వకీలు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవల సంస్థ ఆఫీసు ఉంటుంది. ఖైదులో ఉన్న మనిషికి అక్కడ వకీలును ఉచితంగా ఇవ్వాలి, అది అతని హక్కు. అంతదూరం వెళ్లలేకపోతే ఫోన్ చేయండి. నంబరు 15100. ఇంకోసారి చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, ఐదు, ఒకటి, సున్నా, సున్నా. ఖైదీ పేరు, తండ్రి పేరు, ఏ జైలు, బెయిలు ఏ తేదీన వచ్చింది, ఈ నాలుగూ ఫోన్ చేసేముందు చేతిలో పెట్టుకోండి.